విక్టోరియా సరస్సు దగ్గర స్వాహిలీ పాఠాలు: మిషనరీల భాషా శిక్షణ కేంద్రంపై సమీక్ష

టాంజానియాకు సేవ నిమిత్తం వచ్చే మఠకన్యలకు, గురువులకు (కతోలిక ఫాదర్లకు), సామాన్య మిషనరీలకు స్వాహిలీ నేర్పే ఒక నివాస శిక్షణ కేంద్రాన్ని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అది ఆ దేశపు వాయవ్య భాగంలో, విక్టోరియా సరస్సుకు దగ్గరలో ఉంది. మెప్పుతోపాటు కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున దాని పేరు రాయడం లేదు. తూర్పు ఆఫ్రికాకు మనుషులను పంపే సభల (మఠవాసుల సంఘాల) పెద్దలకు ఇటువంటి కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసు కాబట్టి, పేరు లేకపోవడం వల్ల ఎవరికీ ఇబ్బంది కలగదు. నాలుగు నెలల కోర్సు అక్కడే ఉండి పూర్తిచేసి, ఆ తరువాత సుకుమా జాతివారు ఎక్కువగా ఉండే ఒక పల్లె విచారణలో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో), సభ నడిపే చిన్న వైద్యశాలలో పనికి కుదురుకున్న మఠకన్యగా ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మొదట, ఈ కోర్సు అవసరమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే మన దగ్గరి సభలలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ఇంగ్లిషు వచ్చిన సిస్టరును నాలుగు నెలలపాటు బడిలో కూర్చోబెట్టి, భోజన వసతులతో సహా రుసుము చెల్లించడం కొందరు పెద్దలకు వృథా ఖర్చుగా కనిపిస్తుంది. కెన్యా, ఉగాండాలలోని మిషన్లను చూసివచ్చినవారు ఈ మాట మరీ గట్టిగా అంటారు. టాంజానియా సంగతి వేరు. 1961లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత జూలియస్ న్యెరేరే ప్రభుత్వం, నూట ఇరవైకి పైగా జాతులున్న దేశాన్ని ఒక్కటిగా నిలపడానికి స్వాహిలీనే ఆధారం చేసుకుంది. 1967 తరువాత ప్రాథమిక పాఠశాల బోధన అంతా స్వాహిలీలోనే సాగింది, ప్రభుత్వ బడులలో నేటికీ అదే పద్ధతి. అందువల్ల పల్లెలో మతపాఠాలు చెప్పే ఉపదేశి గానీ, కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ గానీ, వైద్యశాలలో గాయాలకు కట్లు కట్టే సహాయకురాలు గానీ మీతో ఇంగ్లిషులో మాట్లాడరు, మాట్లాడవలసిన అవసరం కూడా వారికి లేదు. దార్ ఎస్ సలామ్‌లోని కార్యాలయంలో కూర్చునేవారికి ఇంగ్లిషుతో రోజు గడుస్తుందేమో కానీ, పల్లెకు వెళ్లేవారికి గడవదు. పెద్దలు నాలుగు నెలలను ఆరు వారాలకు కుదించమని అడిగితే కేంద్రం వారు ఒప్పుకోకపోవడం నాకు వారిలో కనిపించిన మొదటి మంచి లక్షణం.

బోధన పద్ధతి విషయానికి వస్తే, ఉదయం నాలుగు గంటలు తరగతులు ఉంటాయి. ఒక్కొక్క బృందంలో ముగ్గురు, నలుగురికి మించి విద్యార్థులు ఉండరు. గంటకొక ఉపాధ్యాయుడు మారతాడు. ఈ మార్పు మొదట్లో చికాకు కలిగించినా, ఒకే గొంతుకు చెవి అలవాటు పడిపోయే ప్రమాదం దీనివల్ల తప్పుతుంది. ఒకాయన జాంజిబార్ తీరపు ఉచ్చారణలో సాగదీసి మాట్లాడితే, ఇంకొకామె సరస్సు ప్రాంతపు యాసలో గబగబా మాట్లాడుతుంది. మొదటి కొద్ది వారాలు పుస్తకం తెరవనివ్వరు. ఉపాధ్యాయుడు ఒక వాక్యం చెబుతాడు, అందరూ తిరిగి చెబుతారు, ఆయన అందులో ఒక ముక్క మారుస్తాడు, ఆ మార్పుకు తగినట్లు మిగిలిన వాక్యాన్ని మనం మార్చి చెప్పాలి. గంట తరువాత గంట ఇదే పని. డిగ్రీలు చదివి, బడులు నడిపి వచ్చిన పెద్దవయసు సిస్టర్లకు ఇది చిన్నపిల్లల వల్లెవేత అనిపించి విసుగు పుడుతుంది. మా బృందంలో ఒక పోలండు గురువు ఈ పద్ధతి మీద రోజూ ఫిర్యాదు చేసేవారు.

అయినా ఈ వల్లెవేతనే నేను ఈ కేంద్రపు అతి పెద్ద బలంగా భావిస్తున్నాను. స్వాహిలీలో నామవాచకాలు గణాలుగా విడిపోయి ఉంటాయి, ఆ గణపు గుర్తు విశేషణానికీ సంఖ్యకూ క్రియకూ కూడా ముందు వచ్చి చేరుతుంది. ఒక మంచి పుస్తకం పడిపోయింది అనడానికి ‘కిటాబు కిజూరి కిమోజ కిమెయాంగుక’ అనాలి. రెండు మంచి పుస్తకాలు పడిపోయాయి అనడానికి ‘విటాబు విజూరి వివీలి విమెయాంగుక’ అనాలి. మనుషులకు ఒక గణం, చెట్లకు ఒకటి, పండ్లకు ఇంకొకటి. ఇది సూత్రంగా అర్థమవడానికి పావుగంట చాలు, కానీ ఎదుట మనిషి నిలబడి ఉండగా నోటి నుంచి తడబాటు లేకుండా రావాలంటే వేలసార్లు పలికి ఉండాలి. ఫోనులో యాప్ పెట్టుకుని వచ్చినవారికి మాటలు బోలెడు తెలిసి ఉంటాయి కానీ, ఈ గణాల దగ్గరికి వచ్చేసరికి వాక్యం మధ్యలో ఆగిపోతారు. యాప్‌లు పనికిరావని అనడం లేదు. బయలుదేరేముందు ఒకటి రెండు నెలలు వాటితో పదాలు పోగుచేసుకుంటే మంచిదే. నోటికి మాత్రం మనిషి ఎదురుగా ఉండి సరిదిద్దవలసిందే.

ఇక కేంద్రపు ప్రధాన లోపం. బోధన ఆసాంతం ఇంగ్లిషును వంతెనగా పెట్టుకుని సాగుతుంది. పాఠ్యపుస్తకంలోని వివరణలు, అభ్యాసాలు, వారాంతపు పరీక్షలు అన్నీ ఇంగ్లిషు నుంచి స్వాహిలీకి, స్వాహిలీ నుంచి ఇంగ్లిషుకు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న మిషనరీల కోసం ఎప్పుడో తయారైన పుస్తకాలు ఇవి. ఇప్పుడు తరగతిలో ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారు దాదాపు కనిపించరు. మా కోర్సులో పోలండు వారు, వియత్నాం వారు, కేరళ వారు, నేను ఉన్నాము. మా అందరికీ ఇంగ్లిషు అరువు భాషే. ఒక అరువు భాష మీదుగా ఇంకొక కొత్త భాషలోకి నడవడం వల్ల దారి రెట్టింపయింది.

తెలుగువారికి ఈ నష్టం మరింత ఎక్కువ అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంగ్లిషును పక్కన పెడితే స్వాహిలీ నిర్మాణం మనకు చాలాచోట్ల చేతికి అందినట్లే ఉంటుంది. తెలుగులాగే స్వాహిలీ కూడా అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. క్రియకు ముక్కలు అతికించుకుంటూ పోవడం రెండు భాషలకూ ఉన్న స్వభావమే. మనం చివరన అతికిస్తాం, వారు ఎక్కువగా ముందు అతికిస్తారు. ‘చదువు’ నుంచి ‘చదివించు’ వచ్చినట్లే ‘సోమ’ నుంచి ‘సోమేష’ వస్తుంది, పిల్లవాడిని ఖర్చు పెట్టి చదివిస్తున్నాం అనడానికి వారు కూడా ఆ మాటనే వాడతారు. తినడం నుంచి తినిపించడం కూడా ఇలాగే పుడుతుంది. పాఠ్యపుస్తకం ఈ ప్రేరణార్థక క్రియలను ఒక కష్టమైన అధ్యాయంగా చేసి, ఇంగ్లిషులో పొడుగాటి వివరణలతో రెండు వారాలు సాగదీస్తుంది. తెలుగు విద్యార్థికి దానికి ఒక్క పూట చాలు. అందుచేత, తరగతిలో రాసుకునే నోట్సు తెలుగులోనే రాసుకోవలసిందిగా రాబోయే తెలుగు సిస్టర్లకు నా గట్టి సలహా. స్వాహిలీ ధ్వనులను తెలుగు లిపి ఇంగ్లిషు లిపి కంటే నమ్మకంగా పట్టుకుంటుంది. ఆవుకు వారు పలికే ‘ఙోంబే’ అన్న మాటలోని మొదటి ధ్వనికి, చిన్నప్పుడు వర్ణమాలలో తప్ప మనం ఎక్కడా చూడని ఙ చక్కగా సరిపోతుంది. మేకకు ‘మ్బుజి’ అని తెలుగులో రాసుకుంటే పలకవలసిన తీరు కంటికి కనిపిస్తుంది. అయితే ఈ ‘జి’ని మన జకారంగా కాక, పళ్ల సందున మోగే ధ్వనిగా పలకాలి, దానికి మన లిపిలో అక్షరం లేదు. చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలకడం కూడా మనకు కొత్త. ఈ రెండింటిలో ఉపాధ్యాయులు ఎంతో ఓపికగా సరిదిద్దుతారు. ఆ ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

వసతి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక్కొక్కరికి చిన్న గది, దోమతెర, బల్ల, దీపం. సరస్సు ప్రాంతం మలేరియాకు పేరుపడ్డది కాబట్టి దోమతెర చిరిగి ఉందేమో మొదటి రాత్రే చూసుకోవాలి. వర్షపు నీరు పట్టి నిలువచేసే ట్యాంకులు ఉన్నాయి. కరెంటు పోతూ ఉంటుంది. భోజనంలో అన్నం వారానికి నాలుగైదు పూటలు దొరుకుతుంది, మిగిలిన పూటలు మొక్కజొన్న పిండితో గట్టిగా వండే ఉగాలి. రాయలసీమ సంగటి ఎరిగినవారికి ఉగాలి కొత్త కాదు, దాంతోపాటు వచ్చే ‘మ్చిచా’ మన తోటకూరే. సరస్సులో పట్టి ఎండబెట్టిన ‘డగా’ అనే చిన్న చేపలు కూడా మన ఎండుచేపల రుచికి దూరం కాదు. కారం మాత్రం దొరకదు, కాబట్టి పచ్చడి సీసాలు తెచ్చుకునేవారు తెచ్చుకోవచ్చు. రుసుము చిన్న సభలకు భారమే. అయితే ఒకే సభ నుంచి ఇద్దరు చేరితే తగ్గింపు అడగవచ్చు, అడిగినవారికి ఇస్తున్నారు.

కోర్సు చివర విద్యార్థులను రెండు వారాలపాటు ఒక్కొక్క కుటుంబానికి అప్పగించి పల్లెకు పంపుతారు. ఈ భాగం గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే రుసుములో సగం విలువ ఇక్కడే ఉంది. తరగతిలో నేర్చుకున్న పలకరింపులు వరుసగా అప్పజెప్పే పాఠంలా ఉంటాయి, పల్లెలో అవి ఒక పూట పని. పొద్దున్నే నీళ్లకు వెళ్లేటప్పుడు ఎదురైన ప్రతి మనిషినీ పలకరించాలి. పెద్దవారు కనిపిస్తే ‘షికమో’ అనాలి, వారు ‘మరహబ’ అని స్వీకరించిన తరువాతే మిగిలిన మాటలు. ఆ తరువాత ఇంటివారి క్షేమం, పిల్లల క్షేమం, పొలం సంగతి, రాత్రి నిద్ర సంగతి. అందరూ బాగానే ఉన్నారని రెండు వైపులా చెప్పుకున్న తరువాత గానీ అసలు విషయానికి రాకూడదు. ఇంటికి వెళితే వాకిట్లో నిలబడి ‘హోడి’ అని పిలవాలి, లోపలి నుంచి ‘కరీబు’ అన్న జవాబు రానిదే అడుగు ముందుకు వేయకూడదు. కతోలికుల ఇళ్లలోనైతే ‘టుమ్సిఫు యేసు క్రిస్టో’ అన్న పలకరింపుకు ‘మిలేలే అమీన’ అని వెంటనే అందుకోవాలి. హడావుడిగా పనిచేయడం అలవాటైన మన సిస్టర్లకు ఈ నిదానమే అన్నింటికంటే పెద్ద పాఠం అవుతుంది. వైద్యశాలలో జ్వరంతో వచ్చిన ముసలమ్మను కూడా ముందు పలకరించి, తరువాతే ఎక్కడ నొప్పి అని అడగాలి.

కాలం లెక్క కూడా పల్లెలోనే ఒంటబడుతుంది. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి. మన ఉదయం ఏడు వారికి ‘సా మోజ’, అంటే ఒకటో గంట. మన మధ్యాహ్నం పన్నెండు వారికి ఆరో గంట. ఆదివారపు దివ్యబలిపూజ రెండో గంటకు అని ప్రకటిస్తే ఎనిమిదింటికి అని అర్థం. తరగతిలో దీన్ని గడియారం బొమ్మతో నేర్పుతారు, అది లెక్కల పాఠంలా ఉంటుంది. నాకు మాత్రం ఇది సువార్త వింటున్నప్పుడు స్థిరపడింది. క్రీస్తు సిలువ మీద ఉండగా ఆరవ గంట నుంచి తొమ్మిదవ గంట వరకు చీకటి కమ్మిందన్న వాక్యానికి టాంజానియా పల్లెవాసికి ఏ వివరణా అవసరం లేదు. అతని గడియారం, సువార్త గడియారం ఒక్కటే. సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టిన మన పూర్వులకు కూడా ఇది వింతగా ఉండేది కాదు.

ఇంత విలువైన భాగాన్ని కోర్సు చివరికి నెట్టడం నాకు నచ్చలేదు. అక్కడ పుట్టిన ప్రశ్నలతో తిరిగి తరగతికి వచ్చి కూర్చునే వీలు లేకుండా, పల్లె నుంచి నేరుగా పెట్టె సర్దుకుని విచారణకు వెళ్లిపోవలసి వస్తుంది. రెండో నెల ముగిసేటప్పటికే ఒక వారం, చివరలో మూడు వారాలు పెడితే ఎంతో మేలు. ఈ సూచన చేసినవారిలో నేను మొదటిదాన్ని కాదని ఉపాధ్యాయులే చెప్పారు.

పాఠాలలోని పదజాలం గురువుల అవసరాలను తూచి తయారైనదని కూడా చెప్పక తప్పదు. ప్రసంగం, పాపసంకీర్తనం, జ్ఞానస్నానం, వివాహం, వీటన్నింటికీ కావలసిన భాష పుష్కలంగా ఉంది. నాలుగో నెలలో ప్రతి విద్యార్థీ అయిదు నిమిషాల ప్రసంగం చేయాలి. కానీ నర్సుగా, కుట్టుపని నేర్పే టీచరుగా, హాస్టలు వార్డెనుగా వచ్చే సిస్టర్లకు కావలసిన మాటలు ఏ పాఠంలోనూ లేవు. ఒళ్లు నొప్పులకు, వాంతులకు, నెలసరికి, పురుటి నొప్పులకు, మాత్ర ఎన్నిసార్లు ఎలా వేసుకోవాలో చెప్పడానికి కావలసిన వాక్యాల కోసం నేను మధ్యాహ్నాలు దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లి, అక్కడి నర్సుల పక్కన కూర్చుని రాసుకోవలసి వచ్చింది. కేంద్రం వారు దానికి అనుమతి ఇచ్చారు, కానీ అది పాఠ్యప్రణాళికలోనే ఉండవలసిన విషయం.

దానికి మించిన వెలితి సుకుమా భాష. స్వాహిలీ దేశమంతటి భాష అన్నది నిజమే అయినా, మ్వాన్జా, షిన్యాంగ ప్రాంతాల పల్లెలలో ఇంటి భాష సుకుమా. దేశంలోని జాతులలో సుకుమావారే అందరికంటే పెద్దవారు. బడికి వెళ్లని ముసలివారు స్వాహిలీలో అడిగిన ప్రశ్నకు సుకుమాలో జవాబు చెబుతారు. అంత్యక్రియలలో ఏడుపు సుకుమాలో, ఆడవారి మధ్య పరాచికాలు సుకుమాలో సాగుతాయి. వారు మాట్లాడే స్వాహిలీలో కూడా ల, ర కలిసిపోతాయి. తినడానికి ‘కుల’, ఓటుకు ‘కుర’ అని తరగతిలో కష్టపడి వేరుచేసుకున్నవి అక్కడ ఒక్కలాగే వినిపిస్తాయి. కేంద్రంలో ఈ తేడాల గురించి ఒక్క గంట కూడా చెప్పరు. ప్రామాణిక స్వాహిలీని జాంజిబార్ మాండలికం మీద నిలపాలని 1928లో కెన్యాలోని మొంబాసాలో తీర్మానించిన నాటి నుంచి బడులన్నీ ఆ ప్రమాణాన్నే పట్టుకుని ఉన్నాయి, ఈ కేంద్రం కూడా అందుకు మినహాయింపు కాదు. ప్రమాణం నేర్పవలసిందే, దాని పక్కన పల్లె నోటి మాటను వినిపించడం కూడా అవసరం.

భాష విషయంలో మిషనరీల పట్టుదలకు తూర్పు ఆఫ్రికాలో పాత చరిత్ర ఉంది. తెలుగు నేర్చుకుని పనిచేసిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరితే, జర్మన్ మిషనరీ క్రాఫ్ 1844లో మొంబాసాలో దిగాడు. కొద్ది నెలలలోనే భార్యను, పసిబిడ్డను అక్కడే సమాధి చేసి కూడా భాషా కృషి ఆపకుండా 1850లో స్వాహిలీ వ్యాకరణం అచ్చువేశాడు. ఆఫ్రికాలో సేవకోసం ఏర్పడిన శ్వేత గురువుల (వైట్ ఫాదర్స్) సభను 1868లో స్థాపించిన కార్డినల్ లావిజెరీ తన మిషనరీలకు పెట్టిన నియమం ఇంకా కఠినమైనది: ఆరు నెలలు గడిచాక వారు తమలో తాము కూడా ఆ ప్రాంతపు భాషలోనే మాట్లాడుకోవాలి. ఈ కేంద్రంలో భోజనాల బల్ల దగ్గర స్వాహిలీయే మాట్లాడాలన్న నియమం ఉంది కానీ, మూడో రోజుకే అందరూ ఇంగ్లిషులోకి జారిపోతారు, ఎవరూ వారించరు. మలయాళీ సిస్టర్లు మలయాళంలోకి, నేను ఒంటరిదాన్ని కావడం వల్ల ఇంగ్లిషులోకి. నిర్వాహకులు ఇక్కడ కొంచెం కఠినంగా ఉంటే బాగుంటుంది.

కోర్సు ముగిసిన తరువాత ఏమిటన్నది కేంద్రం బాధ్యత కాకపోయినా, చేరబోయేవారు ముందే ఆలోచించుకోవాలి. విచారణలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరం పరిపాలన బాధ్యతలు తీసుకోకపోవడం మంచిది. ఆ సమయాన్ని వారం వారం ఇళ్లలో కూడే చిన్న క్రైస్తవ సమూహాలకు ఇవ్వాలి. తూర్పు ఆఫ్రికా పీఠాధిపతులు (బిషప్పులు) 1976లోనే వీటిని తమ సేవకు పునాదిగా ఎంచుకున్నారు. పది పదిహేను కుటుంబాలు ఒక ఇంటి ముందు చెట్టుకింద కూర్చుని సువార్త చదివి, దాని గురించి మాట్లాడుకుంటారు, చివరన ఎవరికి జబ్బు చేసింది, ఎవరి ఇంటి కప్పు కారుతోంది అన్న మాటలు వస్తాయి. అంతకు మించిన ఉచిత తరగతి ఎక్కడా లేదు. సందేశాన్ని ఉపదేశి చెబుతుండగా వినాలి, మొదటే మనం చెప్పబోకూడదు. సంతలో మన దేశపు మాటలు కొన్ని ఎదురై ధైర్యం చెబుతాయి: చపాతీ చపాతీయే, డబ్బు ‘పెస’, మన ఆటోకు అక్కడ కంపెనీ పేరే మిగిలిపోయి ‘బజాజి’ అయింది. పిల్లలు మనల్ని ‘మ్హిండి’ అని కేకవేస్తారు, అంటే భారతీయురాలని. అందులో అవమానం లేదు, పిలిచినవారితో ఆగి మాట్లాడితే ఆ రోజుకు పది కొత్త మాటలు దొరుకుతాయి.

చేరే సమయం విషయంలో ఒక సూచన. మార్చి నుంచి మే వరకు ‘మసీక’ అనే పెద్దవానలు కురుస్తాయి, ఆ కాలంలో పల్లె దారులు బురదలో మునిగిపోయి మోటారు సైకిళ్లు కూడా వెళ్లలేవు. జనవరిలో మొదలయ్యే బృందంలో చేరితే పల్లె నివాసం సరిగ్గా ఆ వానల మధ్య పడి, ఇంటి వసారాలోనే రోజులు గడుస్తాయి. జూన్ తరువాత మొదలయ్యే బృందాన్ని అడగడం మేలు. ఎల్లో ఫీవర్ టీకా పత్రం, నివాస అనుమతి పత్రాలు బయలుదేరకముందే మేత్రాసనం (బిషప్పు కార్యాలయం) ద్వారా సిద్ధం చేసుకోవాలి. మ్వాన్జా దగ్గరి బుజోరాలో సుకుమావారి సాంస్కృతిక కేంద్రం ఉంది, కెనడా నుంచి వచ్చిన ఒక శ్వేత గురువు దాన్ని నెలకొల్పాడు. సుకుమా ఇళ్ల తీరులో కట్టిన చర్చి, వారి డప్పులు, నాట్య సంఘాల వస్తువులు అక్కడ చూడవచ్చు. భాషా కేంద్రం వారి విహారయాత్రల పట్టికలో అది లేదు, కాబట్టి ఒక శనివారం సొంత ఖర్చుతో వెళ్లాలి. ఉదయం పలకరింపు ‘మ్వాంగలూక’ ఒక్కటి నేర్చుకుని వెళ్లినా, అక్కడి పెద్దవారు మిగిలినవి కూర్చోబెట్టి చెబుతారు.